పెద్దల్లుడి కరెంటు కుండ

మా తోడల్లుడంటే నాకు కుళ్ళు. ఇది దాచుకుని లాభం లేదు, మా ఆవిడకి ఎలాగూ తెలుసు. అతనికి ఆస్తి ఎక్కువనో, నాకన్నా బాగుంటాడనో కాదు. ఆస్తి విషయంలో ఇద్దరం అంతంతమాత్రమే. అందం విషయంలో అతని బట్టతల ముందు నా జుట్టు చాలా నయం. నా కడుపుమంట అంతా ఒక్కదాని గురించి. మా అత్తగారు అతన్ని తిడుతుంది. నన్ను తిట్టదు.

నవ్వుతారని తెలుసు. తిట్టని అత్తగారి కోసం మొక్కుకునేవాళ్ళున్న లోకంలో ఇదేం బాధ అంటారు. మీరొకసారి మా అత్తగారింటికి నాతో వస్తే తెలుస్తుంది.

కొవ్వూరులో మా ఇంటి నుంచి విజ్జేశ్వరం మీదుగా బ్యారేజీ దాటి, ఆత్రేయపురం వైపు కాసేపు స్కూటరు మీద వెళితే వాళ్ళ ఊరు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడుతుంది. ప్లాస్టిక్ కుర్చీ మీద ఉతికిన తువ్వాలు పరుస్తుంది. బల్ల ఫ్యాను నా వైపు తిప్పుతుంది. నాతో నేరుగా మాట్లాడదు. పక్కనే ఉన్న నాకు వినపడేలా కూతురితో, మీ ఆయన కాఫీ తాగుతారా మజ్జిగ తాగుతారా కనుక్కో అంటుంది. తప్పనిసరై మాట్లాడాల్సి వస్తే ప్రతి మాటకీ చివర అండీ. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను ఆ ఇంట్లో నిన్న దిగిన చుట్టాన్నే.

తోడల్లుడు వచ్చినప్పుడు చూడాలి. అతను ఆవిడకి సొంత అన్న కొడుకు. అదే వీధిలో పుట్టి, ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగి, ఆవిడ చిన్నకూతుర్నే చేసుకున్నాడు. ఇంట్లోకి వెనక గుమ్మంలోంచి వస్తాడు. కాళ్ళు కడుక్కోలేదని ఒక తిట్టు. మూత పెట్టకుండా కుండలో నీళ్ళు ముంచాడని ఇంకో తిట్టు. గడ్డం పెరిగితే తిట్టు, గీసుకుంటే బుగ్గ కోసుకున్నాడని తిట్టు. అతను నవ్వుతూ అరుగు మీద కూలబడి, నిన్నటి అన్నంలో ఆవకాయ కలిపించుకుని తింటాడు. నేను తువ్వాలు మీద కూర్చుని రొయ్యల ఇగురు తింటూ ఆ ఆవకాయ అన్నం వంక చూస్తుంటాను.

మా అమ్మ నేను ఏడో తరగతిలో ఉండగా పోయింది. మా నాన్న సామర్లకోటలో గుమాస్తా. మంచివాడే, కానీ ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం, ఇంక తిట్లెక్కడివి. తర్వాత హాస్టళ్ళు, తర్వాత ఉద్యోగం. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పడం మొదలుపెట్టాక నన్నందరూ సార్ అన్నారు. పెళ్ళిచూపుల్లో అత్తగారు ఒక చేత్తో పళ్ళెం మోసుకొస్తూనే ఇంకో చేత్తో పెద్ద కూతురి జడ సర్దుతూ, నడుము వంచుకుని నిలబడకే అని గుసగుసగా కసిరింది. నాకు పిల్లకన్నా ముందు ఆ కసురు నచ్చింది. నన్నూ అలా కసిరే మనిషి దొరికిందనుకున్నాను. ఆ కసురు నా దాకా రాలేదు. నా వరకూ వచ్చేసరికి అండీ అయిపోయింది.

ఇక కుండ సంగతి. మా అత్తగారు పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటిన మరుక్షణం అక్కడ పిండి రేకవుతుంది. అంచు పట్టుకుని లేపి పక్కన పెడుతుంది. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కుండ చల్లబడితే రేకు అంటుకుని చిరిగిపోతుంది, వేడెక్కితే మాడి పెళుసవుతుంది. మంట ఆ రెండింటి మధ్యే నిలవాలి. అందుకని ఆవిడ ఒక చేత్తో గుడ్డ లాగుతూ, రెండో చేత్తో ఆకు ఎగదోస్తూ, పొగలో కళ్ళు చికిలించుకుని సాయంత్రాలు గడుపుతుంది. పగలు ఇంటి పని, పైగా పెరట్లో ఇనప రేకులు కప్పిన పాక ఎండకి నిప్పులగుండం కాబట్టి, ఎండ తగ్గాకే కుండ ముందు కూర్చుంటుంది.

ఆ పొగకి ఆవిడ కళ్ళు పోతున్నాయి. రాజమండ్రిలో కంటి డాక్టరు పొగకి దూరంగా ఉండమన్నాడు. ఆ మాట మా ఆవిడ ఏడుస్తూ చెప్పిన రోజునే నాకు ఆలోచన వచ్చింది. మంట బదులు కరెంటు కాయిల్ పెడితే పొగ ఉండదు, ఎగదోసే పని ఉండదు. ఆవిడ కళ్ళు బాగుపడాలనే నా కోరిక నిజం. దాని వెనక ఇంకో కోరిక కూడా ఉంది. తోడల్లుడు వారానికోసారి తన తోటలోంచి ఎండు కొబ్బరిమట్టలు మోటారు సైకిలు వెనక ఈడ్చుకుంటూ తెచ్చి పెరట్లో పడేస్తాడు. నా కాయిల్ వెలిగితే ఆ మట్టలతో పని లేదు. అతను రావడానికి ఉన్న కారణం పోతుంది, నాకు ఆ ఇంట్లో ఒక స్థానం వస్తుంది.

పాత కరెంటు పొయ్యిలోంచి గాడులున్న మట్టి పళ్ళెం తీశాను. కొత్త నైక్రోమ్ కాయిల్ కొని అందులో సర్దాను. అత్తగారు వాడేసి పక్కన పెట్టిన కుండ ఒకటి అడిగి తీసుకుని దాని కింద అమర్చాను. తడిగుడ్డతో చేసే పని కాబట్టి కుండ కింద ఇనప చట్రానికి ఎర్త్ తీగ కలపడం మర్చిపోలేదు. వోల్టేజి చూసే మల్టీమీటరు, తీగని నోట కరిచినట్టు పట్టుకుని కరెంటెంతో చెప్పే క్లాంపు మీటరు కూడా వెంట తీసుకెళ్ళాను. అది ఆదివారం, మిట్టమధ్యాహ్నం. మా ఆవిడ, మరదలు, తోడల్లుడు అందరూ చుట్టూ చేరారు.

వోల్టేజి రెండువందల ముప్ఫై చూపించింది. కరెంటు నాలుగు పాయింటు మూడు ఆంపియర్లు. అక్కడే గోడ మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించాను. బళ్ళో పదో తరగతి పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే కాయిల్ నిరోధం వస్తుంది, యాభై మూడున్నర ఓమ్‌లు. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే అది తినే పవరు వస్తుంది, ఇంచుమించు వెయ్యి వాట్లు. వెయ్యి వాట్ల కాయిల్ అని అట్టపెట్టె మీద రాసిందీ, గోడ మీద లెక్కా సరిపోయాయి. తోడల్లుడు నోరు తెరుచుకుని విన్నాడు. నాకు చెప్పలేనంత హాయిగా ఉంది.

కుండ కాలాక అత్తగారు గుడ్డ లాగింది. రేకు తమలపాకంత నున్నగా లేచింది. ఇంకోటి, ఇంకోటి. పొగ లేదు. ఆవిడ పైట చెంగుతో నుదురు తుడుచుకుని, కూతురితో, చాలా బాగుందని చెప్పవే మీ ఆయనకి అంది. తర్వాత నేరుగా నా వైపు తిరిగి, చాలా బాగుందండీ అంది. అదే మొదటిసారి అడక్కుండా నాతో మాట్లాడటం. ఆ రోజు బ్యారేజీ మీద స్కూటరు దానంతటదే నడిచింది.

ఆ తర్వాత వరసగా ఆదివారాలు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ నా కుండ పాకలో మధ్యన, పసుపు బొట్టుతో, ప్లగ్గుకి తగిలించి ఉండేది. నేను కూర్చోగానే ఆవిడ స్విచ్చి వేసి ఒక పది రేకులు తీసి చూపించేది. బళ్ళో పిల్లలకి కరెంటు పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలోని ఇస్త్రీపెట్టె ఉదాహరణ మానేసి మా అత్తగారి కుండ ఉదాహరణ చెప్పడం మొదలుపెట్టాను. స్టాఫ్ రూములో కూడా చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో తోటి టీచర్లని అడగాలి.

కానీ నా కళ్ళకి కొన్ని కనపడసాగాయి. పెరట్లో మట్టల కుప్ప తగ్గలేదు. తగ్గకపోగా ఒక ఆదివారం కొత్త మట్టలు కనపడ్డాయి. ఆవిడ చీర దగ్గరగా వచ్చినప్పుడు పొగ వాసన. కళ్ళు ఎప్పటికన్నా ఎర్రగా ఉన్నాయి. మా ఆవిడని అడిగితే, నాకేం తెలుసు, అమ్మని మీరే అడగండి అంది. నేను అడగలేదు. అడక్కుండానే నాకు అర్థమైపోయింది అనుకున్నాను. ఇదంతా చిన్నల్లుడి పని. మట్టలు వద్దంటే వాడు చిన్నబుచ్చుకుంటాడని, వాడి మొహం చూసి ఆవిడ ఇంకా పొగలో కూర్చుంటోంది. నా కుండ ఆదివారం కుండ, వాడి మట్టలు రోజూ మట్టలు. ఆవిడ కళ్ళు పోయినా ఫరవాలేదు గానీ మేనల్లుడి మనసు మాత్రం నొచ్చుకోకూడదు. ఇలా ఆలోచించుకుని వారం పొడుగునా నాలో నేనే ఉడికాను. పదో తరగతి బి సెక్షను పిల్లలు ఆ వారం నా చేత చాలా తిట్లు తిన్నారు. వాళ్ళని చూసినా కుళ్ళుగానే ఉంది, తిట్టేవాడు వాళ్ళకి ఉన్నాడని.

ఒక బుధవారం రావులపాలెంలో టీచర్ల ట్రైనింగు పడింది. సాయంత్రం అయిపోయాక ఇంటికి వెళ్ళకుండా, చెప్పా పెట్టకుండా అత్తగారి ఊరికి తిప్పాను. ఇవాళ తేల్చేద్దామనుకున్నాను. స్కూటరు వీధిలో ఆపి, పక్క సందులోంచి పెరటి వైపు నడిచాను. గోడ అవతల నుంచి పొగ లేస్తోంది. దాంతో పాటు అత్తగారి గొంతు.

"పచ్చిమట్టలు తెచ్చి నా ప్రాణం తీస్తున్నావు కదరా. ఎండినవి కనపళ్ళేదా నీకు? కళ్ళున్నాయా లేవా? నిన్ను కాదు, నీకు పిల్లనిచ్చిన నన్ననాలి."

తోడల్లుడు ఏదో అన్నాడు, ఆవిడ ఇంకా గట్టిగా అందుకుంది. నేను గోడ పక్కన నిలబడిపోయాను. కోపంతో వచ్చినవాణ్ణి, ఆ తిట్లు వింటూ నిలబడ్డాను. ఎంత బాగా తిడుతుందో. ఎక్కడా ఆపు లేదు, వెతుక్కోవడం లేదు, ఒక తిట్టులోంచి ఇంకో తిట్టులోకి దొర్లిపోతోంది. మధ్యలో, అన్నం తిన్నావా అసలు అని కూడా అడిగింది. వాడు తినలేదన్నట్టున్నాడు. దానికి ఇంకో విడత. నేను గోడకి ఇంకా దగ్గరగా జరిగాను. ఇది కుళ్ళు అని నాకు తెలుస్తూనే ఉంది.

దగ్గు వచ్చి దొరికిపోయాను. పొగ గోడ దాటి నా మీదికే వస్తోంది మరి. ఆవిడ తల తిప్పి చూసి, ఉలిక్కిపడి లేచి, పైట సర్దుకుంది. అయ్యో అల్లుడుగారండీ, కబురైనా లేకుండా అంటూ తడబడింది. మేనల్లుణ్ణి కళ్ళతోనే తరిమింది, కుర్చీ తెమ్మని. ఆ తర్వాత ఆవిడ చేసిన పని నేను బతికున్నంతకాలం మర్చిపోను. చెంబుతో నీళ్ళు తెచ్చి మండుతున్న ఆకు మీద కుమ్మరించింది. గోనెపట్టా కింద ఉన్న నా కరెంటు కుండని బయటికి లాగి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసింది. అప్పటిదాకా దాని మీదే ఉన్నట్టు దాని ముందు కూర్చుంది.

కుండ కాలడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ గుడ్డ ముంచి లాగింది. రేకు లేవలేదు, అంటుకుపోయి సగానికి చిరిగింది. ఇంకోసారి లాగింది. అదీ ముద్దయింది. మూడోసారికి అంచు లేచింది గానీ మధ్యలో తడితడిగా ఊడొచ్చింది. ఆవిడ ఆ ముద్దని చేతిలో నలిపేస్తూ తల వంచుకునే అంది, "ఇవాళ నా చెయ్యే బాలేదండీ."

పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పని చేస్తున్న చెయ్యి అది. ఆ ఊళ్ళో కొత్తగా నేర్చుకునే అమ్మాయిలు ఆవిడ దగ్గరికే వస్తారు. నా కుండని ఒక్క మాట అనకుండా ఉండటం కోసం ఆవిడ ఆ చేతిని అనేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తోడల్లుడు కుర్చీతో పాటు తెచ్చి పెట్టిన బల్ల ఫ్యాను వంక చూశాను. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా తిరుగుతోంది. బళ్ళో సామాన్లతో పాటు మల్టీమీటరు, క్లాంపు మీటరు సంచీలోనే ఉన్నాయి, ట్రైనింగులో చూపించడానికి తీసుకెళ్ళాను. ప్లగ్గు దగ్గర పెట్టి చూస్తే వోల్టేజి నూట డెబ్భై. ఊరు చుట్టూ రొయ్యల చెరువులు, సాయంత్రమయ్యేసరికి వాటిలో నీళ్ళకి గాలి పట్టించే తెడ్లు తిప్పే మోటార్లన్నీ ఒక్కసారి అందుకుంటాయి. ఈ ఇల్లు లైనుకి చిట్టచివర. ఈ సంగతి ఊళ్ళో ప్రతి ఒక్కరికీ తెలుసు. మధ్యాహ్నం వచ్చి, ఇగురు తిని, మూడింటికి వెళ్ళిపోయే పెద్దల్లుడికే తెలియదు.

క్లాంపు మీటరు మూడు పాయింటు రెండు చూపించింది. గోడ మీద నా పాత లెక్క ఇంకా చెరిపెయ్యలేదు, దాని కింద కొత్తది వేశాను. కాయిల్ నిరోధం అదే, ఇంచుమించు యాభై మూడు. అది మారదు. వోల్టేజి తగ్గితే దాంతో పాటు కరెంటూ తగ్గింది. రెండూ తగ్గినవాటిని గుణిస్తే పవరు ఐదువందల నలభై నాలుగు వాట్లు. వోల్టేజి తగ్గింది పావు వంతే, వేడి దాదాపు సగం పోయింది. ప్రతి ఏడూ పిల్లలకి ఈ మాటే చెబుతాను, పవరు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుందని. బోర్డు మీద ఎప్పుడూ రెండువందల ముప్ఫై అనే రాసుకుంటాం. పుస్తకంలో కరెంటుకి సాయంత్రం ఉండదు.

కుర్చీ తెచ్చిన తోడల్లుడు అప్పుడు నోరు విప్పాడు. మొదటి వారమే రేకులు అంటుకుపోయాయట. అత్త తనకి చెప్పిందట, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. ఆదివారం నేను వస్తానని శనివారం సాయంత్రమే కుండ కడిగి బొట్టు పెట్టి మధ్యలో పెట్టేదట. చెబితే మీరు బాధపడతారని అంది అన్నయ్యగారూ, అన్నాడు. అతను అదంతా జాలిగానే చెప్పాడు. ఆ జాలికి నాకు ఇంకా మండింది.

నేను ఆవిడని సూటిగా అడిగాను. "బాగాలేకపోతే బాగాలేదని నాతో చెప్పొచ్చు కదండీ అత్తయ్యగారూ?"

ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యమే నన్ను ఎక్కువ కోసింది. "మీకు చెబుతామా అండీ, భలేవారే. వాడంటే ఇంట్లో పిల్లాడు, ఎన్నన్నా పడతాడు. మీరు అల్లుడుగారు కదండీ."

ఇద్దరం అల్లుళ్ళమే అని అనబోయి ఊరుకున్నాను. తువ్వాలు పరిచిన కుర్చీ పక్కనే ఉంది. నేను అందులో కూర్చోలేదు, నేల మీద కూర్చుందామని వంగాను. ఆవిడ, మేనల్లుడు ఇద్దరూ కంగారుపడి నన్ను లేపి కుర్చీలో కూలేశారు. ఫ్యాను నా వైపు తిప్పారు. అది తిరగను తిరగనంటూ తిరిగింది.

వీధి దాకా సాగనంపుతూ తోడల్లుడు ఇంకో మాట అన్నాడు. "మీకేమండీ అన్నయ్యగారూ. మీరొస్తున్నారంటే అత్త కొత్త చీర కడుతుంది, రొయ్యలు తెప్పిస్తుంది. నా మొహానికి ఎప్పుడైనా కుర్చీ వేసిందేమో అడగండి." నాకు నమ్మబుద్ధి కాలేదు. అన్నీ దొరికినవాడు అలాగే మాట్లాడతాడనుకున్నాను. స్కూటరు కిక్కు కొడుతూ, నీ కుర్చీ నువ్వే తీసుకో, ఆవకాయ అన్నం నాకిచ్చెయ్ అని మనసులోనే అనుకున్నాను.

కోపం కోపమే, లెక్క లెక్కే. ఆవిడ కళ్ళు ఆగవు కదా. తర్వాతి ఆదివారం అలాంటి కాయిలే ఇంకోటి తీసుకెళ్ళి అదే పళ్ళెంలో, మొదటిదాన్ని తాకకుండా, పక్కపక్కన సమాంతరంగా సర్దాను. దేని స్విచ్చి దానిది. సాయంత్రం నూట డెబ్భై ఉన్నప్పుడు రెండూ వేస్తే, ఒక్కోటీ ఐదువందల నలభై నాలుగు చొప్పున, మళ్ళీ వెయ్యి వాట్లు దాటుతుంది. కరెంటు కూడా రెట్టింపై ఆరు ఆంపియర్లు దాటుతుంది కాబట్టి పాత చిన్న ప్లగ్గు తీసేసి లావు తీగతో పెద్ద ప్లగ్గు పెట్టించాను. ఆ రోజు చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. ఫ్యాను నెమ్మదించాక రెండు స్విచ్చులూ వేశాం. రేకు లేచింది. మధ్యాహ్నం లేచినట్టే లేచింది.

అందరికీ గట్టిగా చెప్పాను. ఫ్యాను జోరుగా తిరుగుతున్నప్పుడు రెండో స్విచ్చి ముట్టుకోకూడదు. నిండు వోల్టేజిలో రెండూ కలిపితే రెండువేల వాట్లకి వెళుతుంది, రేకు మాడుతుంది, కుండ పగులుతుంది. అలా నూనె రాసి, కాల్చి, వాడి వాడి నునుపెక్కిన కుండ మళ్ళీ తయారవ్వాలంటే నెలలు పడుతుంది. గుర్తు కోసం రెండో స్విచ్చి మీద స్కెచ్ పెన్నుతో ఇంగ్లీషు రెండు అంకె వేశాను. పక్క వారం వెళ్ళేసరికి నా అంకె మీద పెద్ద ఎర్రబొట్టు బిళ్ళ అంటించి ఉంది. తోడల్లుడి ఆలోచనట. అత్త కంటికి అంకె ఆనదు గానీ ఎర్రబొట్టు ఆనుతుందట. బాగానే ఉంది. నాకెందుకు తట్టలేదా అని రెండు రోజులు ఏడ్చుకున్నాను.

పొగ ఆగింది. మట్టల కుప్ప తరిగింది. కంటి డాక్టరు కూడా బాగుందన్నాడు. నేను అనుకున్నట్టు మాత్రం ఏదీ జరగలేదు. మట్టలు తేవాల్సిన పని లేకపోయినా తోడల్లుడు వస్తూనే ఉన్నాడు. ఆవిడ తిడుతూనే ఉంది, ఇప్పుడు ఉత్త చేతులతో వస్తున్నాడని. నాకు ఇదివరకటికన్నా మర్యాద పెరిగింది. కుర్చీలో తువ్వాలు మీద దిండు కూడా చేరింది.

మొన్న వేసవిలో ఒక ఆదివారం. పెద్ద ఆర్డరేదో ఉండి ఆవిడ మధ్యాహ్నమే కుండ ముందు కూర్చుంది. ఫ్యాను ఝామ్మని తిరుగుతోంది. తోడల్లుడు అరుగు మీద ముంజలు కొడుతూ, గెల నేల మీద పెట్టినందుకు అప్పుడే ఒక విడత తిట్లు తిని ఉన్నాడు. నా ముంజలు ఒలిచి, గిన్నెలో వేసి, చెంచాతో సహా స్టూలు మీద పెట్టారు. నేను గిన్నె పక్కన పెట్టి లేచాను. స్విచ్చుల దగ్గరికి వెళ్ళాను. ఎర్రబొట్టు మీద వేలు పెట్టి నొక్కాను.

ఇన్నేళ్ళుగా పదో తరగతికి ఇదే పాఠం చెబుతున్నవాణ్ణి. రెండువందల ముప్ఫై దగ్గర రెండు కాయిళ్ళూ వేస్తే ఏమవుతుందో నాకు తెలియదని మీరనుకుంటే అనుకోండి.

కాసేపటికి గుడ్డ కుండని తాకగానే చుయ్యిమంది. రేకు గోధుమరంగు తిరిగి ముక్కలైంది. ఆవిడ తలెత్తి స్విచ్చి వంక చూసింది, దాని మీద ఇంకా ఉన్న నా వేలు చూసింది. పక్కనున్నది ఎవరన్నది ఆవిడకి ఆ క్షణంలో తట్టలేదు. చేతిలో ఉన్న తడిగుడ్డతో నా భుజం మీద చెళ్ళున ఒక్కటి వేసి, స్విచ్చి తనే ఆర్పేసింది.

"ఏంటా పని, బుద్ధుందా అసలు? మిట్టమధ్యాహ్నం రెండూ వేస్తే కుండ పగిలిపోదూ? వెయ్యొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పింది నువ్వు కాదూ? చెప్పినోడివే ఇలా చేస్తే నేనెవరికి చెప్పుకోను? వెళ్ళు, వెళ్ళి కూర్చో అక్కడ, చెయ్యి ఊరుకోదు."

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు అత్తగారికి తెలివొచ్చింది. గుడ్డ వదిలేసి, నాలిక కరుచుకుని, పైట తల మీదికి లాక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. పావుగంట తర్వాత కూతురి చేత కబురు పంపింది, పెద్దదాన్ని, ఏదో అనేశాను, మనసులో పెట్టుకోవద్దని చెప్పవే అని. కబురుతో పాటు యాలకులు వేసిన టీ వచ్చింది, ఫ్యాను నా వైపు తిరిగింది. ఏవండీలు, గారులు అన్నీ యథాస్థానానికి వచ్చేశాయి. ఆ తిట్టు మొత్తం ఎంతసేపుందో నాకు తెలియదు. మనసులో మాత్రం పెట్టుకున్నాను, ఒక్క మాట కూడా పోకుండా.

ఎండ చల్లారాక బయల్దేరుతుంటే తోడల్లుడు స్కూటరు దాకా వచ్చాడు. నా భుజం వంకే చూస్తున్నాడు. లేత నీలం చొక్కా మీద పిండి ఆరిపోయి, గుడ్డ పడ్డ మేర తెల్లగా అచ్చు కట్టి ఉంది. నేనే అడిగాను, నిన్నెప్పుడైనా ఆ గుడ్డతో కొట్టిందా అని. ఊరికే అడిగినట్టే అడిగాను.

అతను బాగా ఆలోచించాడు. చిన్నప్పటి నుంచీ వెతుక్కున్నట్టున్నాడు. "లేదండీ," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "తిట్టడమే గానీ, నా మీద చెయ్యెప్పుడూ వెయ్యలేదండీ." చూపుడు వేలితో ఆ తెల్లటి అచ్చు అంచు తాకి చూశాడు.

నేను స్కూటరు తీశాను. బ్యారేజీ మీదికి వచ్చాక వెనక కూర్చున్న మా ఆవిడ నా భుజం దులపబోయింది. ఉండనీ అన్నాను.